చీకటి గదిలో ఉతికిన ఏప్రాన్

బట్టలు శుభ్రంగా ఉతుక్కున్నందుకు ఒక మనిషి ఉద్యోగం ఊడేదాకా వచ్చిందంటే మీరు నమ్మరు. నేను కళ్ళారా చూశాను. చూసి కూడా చాలా రోజులు నమ్మలేకపోయాను. ఈమధ్యే రిటైరయి మధురవాడలో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చున్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్ళు తమ ఇంట్లో సబ్బుపొడి ప్యాకెట్‌ని కాస్త అనుమానంగా చూసినా నాకు సంతోషమే.

మా వర్క్‌షాపు అచ్యుతాపురంలో. పేరుతో మీకు పని లేదు. క్రేన్ భాగాల్ని కలిపి పట్టే లావుపాటి ఉక్కు పిన్నులు, షాఫ్టులు, హుక్కులు చేసి పంపేవాళ్ళం. పోర్టులో ఓడల్లోంచి సరుకు దించే క్రేన్లలో మా పిన్నులు చాలానే ఉండేవి. అవి గేటు దాటేముందు వాటిలో పగుళ్ళు ఉన్నాయేమో చూడటం నా పని. నాతోపాటు అదే పని చేసే ఇంకొకాయన ఉండేవాడు. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె, వ్యవసాయ కుటుంబం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ ఊళ్ళో బావ కావడానికి అంతకుమించి అర్హతలు అక్కర్లేదు.

పని సంగతి క్లుప్తంగా చెబుతాను. పిన్నుని అయస్కాంతంలా మార్చి, దానిమీద సన్నటి ఇనపపొడి కలిపిన నూనె పోస్తాం. పగులుంటే పొడి అక్కడికి పోయి చేరుతుంది. ఆ పొడి మామూలుది కాదు, అల్ట్రావయొలెట్ దీపం కింద పచ్చగా మెరుస్తుంది. అందుకని ఇదంతా నల్ల తెరలు కట్టిన చీకటి బూత్‌లో జరుగుతుంది. కంటికి ఆనని పగులు ఆ దీపం కింద వెంట్రుకంత పచ్చగీతలా కనబడుతుంది. చీకటి ఎంత బాగుంటే గీత అంత బాగా తేలుతుంది. బూత్‌లోకి వెళ్ళాక కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా పని మొదలుపెట్టకూడదు. ఆ కాసేపూ కబుర్లే. బావ సంసారం మొత్తం నాకు ఆ చీకట్లోనే తెలిసింది. పిన్ను బాగుందనుకుంటే మా ఇద్దరిలో చూసినవాడు తన సొంత పంచ్‌తో దానిమీద ముద్ర కొట్టాలి. ఆ ముద్ర ఉంటే ఇక ఎవరూ అడగరు.

బావ కన్ను గొప్ప కన్ను. నేను రెండుసార్లు తిప్పి చూసేదాన్ని ఆయన ఒక్క చూపులో పట్టేసేవాడు. పైగా మహా శుభ్రత మనిషి. పళ్ళెం కడిగి తినడం, కుర్చీ తుడిచి కూర్చోవడం. నేను సరిగ్గా అందుకు విరుద్ధం.

గొడవంతా కొత్త మేనేజరు వచ్చాక మొదలైంది. అప్పటిదాకా మేం ముదురు నీలం ఏప్రాన్లు వేసుకునేవాళ్ళం. ఇన్‌స్పెక్టర్లంటే డాక్టర్లలా కనపడాలని ఆయనకొక సరదా. మాకు తెల్ల ఏప్రాన్లు కుట్టించాడు. నాది వారంలోనే నల్లబడిపోయింది. నేను ఖాళీ దొరికితే ఫోర్జింగ్ షాపులోకి పోయి కబుర్లకు కూర్చునేవాణ్ణి. అక్కడ అచ్చులకు పూసే గ్రాఫైట్ మసి గాల్లోనే ఉంటుంది. ఉతకమని మా ఆవిడకిస్తే, దీన్ని నా బకెట్లో వెయ్యనంది. నేనూ ఊరుకున్నాను. బావ ఏప్రాన్ మాత్రం రోజూ కొత్తదానిలా వచ్చేది. వాళ్ళావిడ అంత శ్రద్ధగా ఉతికేది. బూత్‌లో దీపం వేస్తే ఆ ఏప్రాన్ నీలంగా తళతళమనేది. "బావ వచ్చాడు, ఇక ట్యూబ్‌లైట్ ఎందుకు?" అని నేను ఏడిపిస్తే ఆయన మురిసిపోయేవాడు. అందరం నవ్వుకున్నాం. ఒక్కడికీ ఇంకేమీ తోచలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అప్పుడప్పుడు ఒకరు చూసిన సరుకుని రెండోవాళ్ళు మళ్ళీ చూడాలి. అలా ఒకరోజు బావ ముద్ర ఉన్న పిన్ను నా చేతికొచ్చింది. దీపం కింద పెడితే మెడ దగ్గర సన్నటి పచ్చగీత కనపడింది. నేను ముందు నన్నే అనుమానించుకున్నాను. తుడిచి మళ్ళీ నూనె పోశాను. గీత అక్కడే ఉంది. బావని పిలిచాను. ఆయన గబగబా వచ్చి నా పక్కన నిలబడి వంగి చూశాడు.

"ఏటి బావా, ఎక్కడుంది? నాకేటీ కనపడ్డం లేదు."

నేనూ చూశాను. నాకూ కనపడలేదు! ఇప్పటిదాకా చూసిన గీత ఏమైంది? కళ్ళు నలుపుకున్నాను. ఆయన విసుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ చూస్తే గీత ఉంది.

ఇది ఒక్కసారి అయితే మరిచిపోయేవాణ్ణి. తర్వాత ఇంకో పిన్నుకీ అలాగే అయింది. పెద్ద పగుళ్ళు ఇద్దరికీ కనపడేవి. సన్నవి మాత్రం నేను ఒక్కణ్ణే ఉంటే ఉండేవి, బావ లోపలికొస్తే పోయేవి. కొత్తల్లుణ్ణి చూసి ఆడపిల్లలు గదిలోకి పరిగెత్తినట్టు పగుళ్ళు బావని చూసి దాక్కుంటున్నాయా? నాకు మతిపోయింది. ఎవరికైనా చెబితే నాకు పిచ్చెక్కిందంటారు. చెప్పకపోతే పగిలిన పిన్ను క్రేన్‌లోకి పోతుంది.

చివరికి మేనేజరుకి చెప్పక తప్పలేదు. ఆయన పగులు దాక్కునే కథంతా వదిలేసి ఒక్క ముక్క పట్టుకున్నాడు, బావకి కళ్ళు పోతున్నాయని. కంటి ఆసుపత్రికి పంపాడు. అక్కడ అన్ని పరీక్షలూ చేసి చూపు చక్కగా ఉందన్నారు. అయితే కళ్ళజోడేమో అని జోడు మార్చారు. లాభం లేదు. దీపం పాతబడిందేమో అని కొత్తది పెట్టారు. నాకు గీతలు ఇంకా బాగా కనపడ్డాయి, ఆయనకి మునుపటికంటే తక్కువ కనపడ్డాయి. ఇదెక్కడి న్యాయమో ఎవరికీ అంతు చిక్కలేదు. బావ వాళ్ళావిడ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. అదీ అయింది. ఆ పైన, ఏప్రాన్ మురికివల్ల సరిగ్గా కనపడటం లేదేమో అని బావే అనుకుని, రోజూ ఉతికేదాన్ని ఇంకాస్త పొడి ఎక్కువేసి ఉతికించడం మొదలుపెట్టాడు. ఎంత ఉతికితే అంత గుడ్డివాడవుతున్నాడు. ఎంత జాగ్రత్తపడితే అంత తప్పుతున్నాడు. మసిబట్టలో తిరిగే నాకేమో మెచ్చుకోళ్ళు! నాకు సిగ్గుగా ఉండేది, భయంగానూ ఉండేది.

మా పిన్నులు కొనే కంపెనీవాళ్ళకి ఈ సంగతి తెలిసింది. తమ పరీక్షకుణ్ణి పంపుతామన్నారు. ఆయన తెచ్చే నమూనా ముక్కల్లో పగుళ్ళన్నీ బావ పట్టాలి. పట్టలేకపోతే పంచ్ వెనక్కిచ్చేసి స్టోర్సులో నట్లూ బోల్టులూ అందిస్తూ కూర్చోవాలి. బావ బూత్ చీకట్లో నా పక్కన కూర్చుని అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"బావా, నాకు కళ్ళు పోతే పోనాయని ఊరుకుందును. డాక్టరు బాగున్నాయంతన్నాడు. బాగున్న కళ్ళతో కనపడకపోతే నాను మడిసినేనా అని అనుమానంగుంది."

భుజంమీద చెయ్యి వేశాను, అంతే.

పరీక్షకి ముందు మధ్యాహ్నాలు ఇద్దరం బూత్‌లో పాత పిన్నులు పెట్టుకుని సాధన చేసేవాళ్ళం. ఒకరోజు ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగిపోయింది. ఏప్రిల్ ఎండ, మూడువైపులా నల్ల తెరలు, పైన దీపం వేడి. బావ చెమటతో తడిసిపోయాడు. "ఏటీ అనుకోకు బావా" అని ఏప్రాన్ విప్పి, దాని కింద ఉన్న బనీను కూడా విప్పి తెర బయటికి విసిరేశాడు. ఒంటిమీద ఖాకీ ప్యాంటు తప్ప ఏమీ లేకుండా పిన్ను మీదికి వంగాడు.

"బావా! ఇదేటి, ఇక్కడ గీతుంది!"

నిజమే, ఉంది. పొద్దున్నించీ ఆయనకి కనపడని గీత. ఇద్దరం ఎగిరి గంతేశాం. ఈలోగా ఫ్యాను తిరిగింది. ఆయన మర్యాదస్తుడు కదా, బయటికెళ్ళి బనీను, ఏప్రాన్ వేసుకుని వచ్చాడు. గీత లేదు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ విప్పాడు. గీత వచ్చింది. వేసుకున్నాడు, పోయింది.

"సొక్కా ఇప్పితే కళ్ళొస్తన్నాయేటి నాకు?" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియని గొంతు.

అప్పుడు నాకు లైట్ మీటర్ గుర్తొచ్చింది. బూత్‌లో మామూలు వెలుతురు ఎంత ఉందో దానితో రోజూ పొద్దున్నే కొలుస్తాం. హద్దు దాటితే పని ఆపాలి. ఎప్పుడూ హద్దు దాటలేదు. ఎందుకు దాటలేదంటే మనుషులెవరూ లోపల లేకుండా, దీపం పెట్టి, మీటర్ బల్లమీద ఉంచి, తెర సందులోంచి చదివేవాళ్ళం. మా ముందువాళ్ళు అలాగే చేశారు, మేమూ అలాగే చేశాం. ఈసారి బావని ఏప్రాన్‌తో బల్ల దగ్గర నిలబెట్టి కొలిచాను. అంకె జరజరా పైకి పోయింది. నా మసి ఏప్రాన్‌తో నేను నిలబడితే కదల్లేదు. ఇన్నాళ్ళూ వెలుతురు కొలిచేటప్పుడు ఆ వెలుతురు తెచ్చే మనిషిని బయట నిలబెట్టాం. బూత్‌లో బావ పక్కన నిలబడ్డప్పుడు నాకూ గీత ఎందుకు మాయమైందో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నది చెబుతాను. నూలుబట్ట సహజంగా కాస్త పసుపు. మా అమ్మావాళ్ళు ఆ పసుపు కనపడకుండా నీలిమందులో ముంచేవాళ్ళు. నీలిమందు వేస్తే బట్ట కొంచెం మసకబారి, కంటికి తెల్లగా అనిపిస్తుంది. ఇప్పటి సబ్బుపొడుల్లో చాలావాటిలో వేరే మందు కలుపుతారు. దానికి రంగు లేదు. ఎండలో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ కిరణాలుంటాయి కదా, వాటిని పీల్చుకుని నీలివెలుతురుగా మార్చి బయటికి వదులుతుంది. ఆ నీలం బట్ట పసుపుని కప్పేస్తుంది. "తెలుపు కంటే తెలుపు" అని టీవీలో ఊదరగొట్టేది దీన్నే. నిజానికి అది మురికిని వదిలించదు. మురికి వదిలాక కూడా బట్టలోనే కూర్చుంటుంది. ఉతికినకొద్దీ ఇంకాస్త పేరుకుంటుంది. కొత్త తెల్లబట్టలకు మిల్లులోనే పట్టించేస్తారు. ఇంట్లో దీనివల్ల నష్టమేమీ కనపడదు. కేవలం అల్ట్రావయొలెట్ దీపం వెలిగే మా బూత్‌లో మాత్రం ఆ ఏప్రాన్ ఇంకో దీపం. దాని వెలుతురు పిన్నుమీద పడితే సన్నగీత అందులో మునిగిపోతుంది. మేం కొత్త దీపం పెడితే ఏప్రాన్ ఇంకా ఎక్కువ వెలిగింది.

ఏప్రాన్ సంగతి చెప్పడానికి ఆ సాయంత్రం బావ ఇంటికి నేనూ వెళ్ళాను. అల్ట్రావయొలెట్ చేతిదీపం తీసుకెళ్ళి, గదిలో లైటు ఆర్పి, దండెం మీది బట్టలమీద ఆ వెలుగు వేశాను. బట్టలన్నీ నీలంగా వెలిగాయి. దిండు గలేబులు, తువ్వాళ్ళు, పిల్లల యూనిఫాం, ఆ సబ్బుపొడితో ఉతికినవన్నీ. చూసి వాళ్ళావిడ గుమ్మంలోనే కూలబడింది.

"ఆరికి మంచి సేత్తన్నాననుకున్నాను అన్నయ్యా. నా సేతుల్తో నానే ఆరి కళ్ళు కప్పీసినానా?"

బావ ఆవిడ పక్కన కూర్చున్నాడు. "నువ్వు కప్పడమేటే. ఇరవైమంది ఇంజినీర్లున్నారు మా దగ్గర, ఎవులికీ తెలీనేదు" అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు, చాలాసేపు ఏడ్చింది. నాకు అక్కడున్న సబ్బుపొడి ప్యాకెట్‌మీద బొమ్మలో నవ్వుతున్న అమ్మాయిని చూస్తే ఒళ్ళు మండింది.

మర్నాడే పరీక్ష. బావ ఏం వేసుకోవాలి? నా మసి ఏప్రాన్ ఇస్తానంటే బావ ముక్కు మూసుకున్నాడు. ఇంట్లో ఉన్నవన్నీ వెలిగేవే. అందుకని ఇద్దరం ఆటో ఎక్కి వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ సందులోకి పోయాం. నల్లబట్ట తీసుకుందామన్నాను. "మంచి పనికి నలుపేటి బావా?" అని ఒప్పుకోలేదు. కొట్లో వెనక చీకటిగదిలోకి తానులు తెప్పించి ఒక్కొక్కదానిమీద దీపం వేశాం. తెల్లవన్నీ వెలిగాయి. ఆఖరికి అట్టడుగున, మిల్లులో ఏ తెలుపూ పట్టించని కోరాగుడ్డ తాను తీశాడు కొట్టాయన. దీపం వేస్తే చప్పగా, గోధుమరంగులో పడుంది. అంత అందమైన బట్ట నేను చూడలేదు. ఏప్రాన్‌కి సరిపడేదానికంటే కాస్త ఎక్కువే కొయ్యమన్నాం. కొట్టాయన కత్తెర ఆపి మెల్లిగా అడిగాడు.

"పోయినోరు పెద్దోరాండీ?"

ఆ గుడ్డ ఎక్కువగా శవాలమీద కప్పడానికే కొంటారట. నలుపు వద్దన్న మనిషి మొహం చూడాలి! అయినా కిక్కురుమనకుండా డబ్బులిచ్చాడు. పక్కసందులో దర్జీ దగ్గర కుట్టిస్తుంటే దారానికి కూడా దీపం వేసి చూశాం. ఆ దర్జీ మమ్మల్ని ఏమనుకున్నాడో తలుచుకోవడం నాకిష్టం లేదు.

పరీక్షకుడు పెద్దమనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో వచ్చాడు. బావ కోరాగుడ్డ ఏప్రాన్‌తో బల్ల దగ్గర నిలబడ్డాడు. నమూనా ముక్కలు పెట్టి, తెరలు దించి, ఆయన బావ భుజం పక్కనే నిలబడ్డాడు. దీపం వేశారు. ఆయన చొక్కా నీలంగా భగ్గుమంది. తెర సందులోంచి నేను చూస్తున్నాను. మేనేజరు పక్కనే ఉన్నాడు, ఆయనకి సంగతి చెప్పే తీరిక మాకు దొరకలేదు.

బావ ఒక్కో ముక్కా తిప్పి చూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

"సార్, తమరేటీ అనుకోకండి. తమరి సొక్కా వల్ల నాకు కనపడదండి."

"నా చొక్కాకేమైంది?" అన్నాడాయన. మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. పరీక్ష పెట్టేవాణ్ణి బయటికి పొమ్మంటే కాపీ కొట్టడానికనుకుంటారు. ఉండమంటే బావ ఫెయిలవుతాడు. నేను లైట్ మీటర్, మిగిలిన కోరాగుడ్డ పట్టుకుని లోపలికి దూరాను. ఏం చెప్పానో నాకే తెలియదు, తడబడుతూ ఏదో చెప్పాను. ఆయన మీటర్ తీసుకుని బల్లమీద పెట్టి, ముందుకొచ్చాడు, వెనక్కెళ్ళాడు, మళ్ళీ ముందుకొచ్చాడు. అంకె ఆయనతోపాటే పెరిగి తగ్గింది. తన చొక్కా వంక చూసుకున్నాడు. తర్వాత గుడ్డ నా చేతిలోంచి తీసుకుని మెడదాకా కప్పుకున్నాడు.

"ఫోటో తీస్తే మాత్రం ఊరుకోను" అన్నాడు.

బావ అన్ని ముక్కల్లో అన్ని పగుళ్ళూ పట్టాడు. ఆయన ఒక్కొక్కటీ వేలితో చూపిస్తుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటికి రాగానే మేనేజరు స్వీట్లు తెప్పించాడు. బావ డబ్బా ముట్టుకోలేదు. జేబులోంచి తన పంచ్ తీసి మేనేజరు బల్లమీద పెట్టాడు.

"పాసయ్యావు కదయ్యా, మళ్ళీ ఇదేంటి?" అన్నాడు మేనేజరు.

"పాసయ్యాను కాబట్టే సార్. నా కళ్ళు బాగున్నాయి, సరే. మరి ఆ తెల్ల ఏప్రాన్ ఏసుకుని ముద్ర కొట్టినవి ఎవులు సూత్తారు? అవి క్రేన్లలో ఉన్నాయి. అవన్నీ మళ్ళీ సూసేదాకా నాను ఈ పంచ్ ముట్టుకోను."

మేనేజరు మొహం వాడిపోయింది. పోయిన సరుకు తవ్వితే కంపెనీ పరువేమవుతుందన్నాడు. ఇంకా గుడ్డ కప్పుకునే ఉన్న పరీక్షకుడు టీ కప్పు దించి, పోర్టువాళ్ళతో తాను మాట్లాడతానన్నాడు.

ఇప్పటికీ నాకొకటి అర్థం కాదు. అన్నాళ్ళు ఉద్యోగం కోసం వణికిన మనిషి, అది దక్కిన నిమిషంలోనే దాన్ని తీసి బల్లమీద ఎలా పెట్టగలిగాడు? నేనయితే ముందు మైసూర్‌పాక్ తినేవాణ్ణి. ఆ తర్వాత ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

పోర్టువాళ్ళు ఒప్పుకుని ఒక క్రేన్ ఆపించి పిన్ను ఊడదీశారు. దానిచుట్టూ నల్లటార్పాలిన్ కట్టారు. బావ కోరాగుడ్డ ఏప్రాన్‌తో లోపలికి దూరాడు. ఎండలో టార్పాలిన్ పెనంలా ఉంది. నేను బయట కూర్చున్నాను. ఆ క్రేన్ నడిపే ఆపరేటరు నిచ్చెన దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి బావ టార్పాలిన్ తొలగించాడు. చేతిలో ఉన్న సుద్దముక్కతో పిన్నుమీద పెద్ద ఇంటూ గీశాడు. పగులు మెడ దగ్గర ఉంది. దానికి బెత్తెడు దూరంలో ఆయన ముద్ర ఉంది.

ఆపరేటరు వంగి ఆ ముద్రని చూశాడు.

"పోయినసారి ఇది బాగుందన్నోరు ఎవులండీ?"

నేను నోరు తెరిచాను, ఏదో సర్దిచెప్పాలని. బావ నావైపు చూడలేదు.

"నానే" అన్నాడు.

ఆపరేటరు తల పైకెత్తి తన కేబిన్ వైపు చూశాడు. అంత ఎత్తులో అది అగ్గిపెట్టెంత ఉంది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది కూడా.

"ఇంకా ఎన్నున్నాయండీ సూడాల్సినవి?" అన్నాడు.

"ఆ రోజుల్లో నాను సూసినవన్నీ."

"అయితే ముందు ఆ చివరి క్రేను సూడండి బాబూ. దానిమీద మా తమ్ముడు పని సేత్తన్నాడు."

బావ మంచినీళ్ళు కూడా తాగకుండా దీపం చేతిలోకి తీసుకున్నాడు.